ఓవెన్‌లో ‘ఎఫ్ 1’ లోపం: కంట్రోల్ బోర్డు మార్చాలంటున్నారు, మార్చక తప్పదా?

ఇంటి బేకరీ (ఎంవీపీ కాలనీ) – సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉంటున్నాము. వంటగది చెక్క అల్మారాలో బిగించిన ఎలక్ట్రిక్ ఓవెన్ మాది. కొని ఐదేళ్లు దాటింది, వారంటీ ఎప్పుడో ముగిసింది. నేను ఇంట్లోనే కేకులు, బిస్కెట్లు చేసి తెలిసినవారికి ఇస్తుంటాను కాబట్టి అది నాకు రోజూ కావలసిన వస్తువు.

మూడు వారాలుగా ఒకే ఇబ్బంది పెడుతోంది. 180 డిగ్రీలకు పెట్టి ఆన్ చేస్తే పది పన్నెండు నిమిషాల పాటు బాగానే వేడెక్కుతుంది. ఆ తరువాత బీప్ శబ్దం వచ్చి, తెరపై ‘ఎఫ్ 1’ అని కనబడి, హీటర్లు ఆగిపోతాయి. లోపలి దీపం వెలుగుతూనే ఉంటుంది, పైన చల్లబరిచే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. గోడ దగ్గర స్విచ్చి కట్టేసి అరగంట ఆగి మళ్లీ వేస్తే మామూలుగానే మొదలై, దాదాపు అదే సమయానికి మళ్లీ ఆగిపోతుంది. వాన కురిసిన రోజుల్లో ఇంకా త్వరగా వస్తున్నట్టు అనిపించింది కానీ, అది నా ఊహ కూడా కావచ్చు. ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో ఈ కోడ్‌కు ఎదురుగా ‘ఎలక్ట్రానిక్ లోపం, సర్వీసు వారిని సంప్రదించండి’ అనే ఒక్క వాక్యమే ఉంది.

సర్వీసు నుంచి వచ్చిన టెక్నీషియన్ ఓవెన్‌ను అల్మారాలోంచి బయటకు లాగకుండానే తెర చూసి, కంట్రోల్ బోర్డు పోయిందని, కొత్తదానికి 14,500 రూపాయలు అవుతుందని, తెప్పించడానికి పది రోజులు పడుతుందని చెప్పి వెళ్లారు. అంత డబ్బు పెట్టిన తరువాత కూడా సమస్య తీరకపోతే ఏమిటన్నదే నా భయం. బోర్డే పోయిందని ఖాయంగా తెలుసుకునే మార్గం ఏదైనా ఉంటే చెప్పగలరు.

మధురవాడ నివాసి – సోమవారం, ఉదయం 11:05

మీ భయం నిరాధారమైనది కాదని చెప్పడానికి చింతిస్తున్నాను. మా ఇంట్లో వేరే కంపెనీ ఓవెన్, కోడ్ వేరు, లక్షణం మాత్రం అచ్చంగా ఇదే. గత ఏడాది బోర్డు మార్పించాము. ఏడు వారాలు చక్కగా పనిచేసి, ఎనిమిదో వారంలో అదే కోడ్ మళ్లీ వచ్చింది. కొత్త బోర్డు కూడా పోయిందని, ఇంకొకటి వేయాలని అన్నారు. మేము ఒప్పుకోలేదు. అప్పటి నుంచి ఓవెన్ వాడకుండా అలాగే వదిలేశాము. పాత బోర్డు మా దగ్గరే ఉంది.

బోర్డు వైద్యం (అక్కయ్యపాలెం) – సోమవారం, మధ్యాహ్నం 2:30

నేను ఇంటి ఉపకరణాల ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేసే పనిలో ఉన్నాను. ముందుగా కోడ్ గురించి ఒక మాట. ‘ఎఫ్ 1’ అనే గుర్తుకు అన్ని కంపెనీలలో ఒకే అర్థం లేదు. కొన్ని తయారీలలో అది కీప్యాడ్ లోపం, కొన్నింటిలో ఉష్ణోగ్రత సెన్సర్ లోపం, మరికొన్నింటిలో బోర్డు లోపం. ఒక కంపెనీ పట్టిక చూసి ఇంకో కంపెనీ ఓవెన్‌కు చికిత్స చేయకూడదు. పైగా కోడ్ అనేది బోర్డుకు కనబడిన లక్షణమే తప్ప, పాడైన వస్తువు పేరు కాదు. సెన్సర్ నుంచి రావలసిన కొలత రాకపోతే బోర్డు కోడ్ చూపుతుంది. ఆ కొలత రాకపోవడానికి సెన్సరు, తీగ, ప్లగ్గు, బోర్డు, ఈ నాలుగింటిలో ఏదైనా కారణం కావచ్చు.

బోర్డు నిజంగా పాడైనప్పుడు నేను తరచుగా చూసే లోపాలు మూడు. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఒక ఫిల్మ్ కెపాసిటర్ (విద్యుత్తును నిల్వచేసి వదిలే చిన్న భాగం) ద్వారానే కరెంటును తగ్గించుకునే బోర్డులలో ఏళ్లు గడిచేకొద్దీ ఆ కెపాసిటర్ విలువ పడిపోతుంది. ఒక మైక్రోఫారడ్ అని రాసి ఉన్నది అందులో సగానికి కూడా రాకుండా కొలతకు వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. అప్పుడు రిలేలకు, అంటే హీటర్లను వేసి ఆపే చిన్న విద్యుత్ స్విచ్చులకు, చాలినంత వోల్టేజీ అందక అవి టకటకమని కొట్టుకుంటాయి, తెర వెలుగు మందగిస్తుంది. రెండవది, రిలే కాళ్ల దగ్గర సోల్డర్ (కరిగించి అతికించిన లోహం) వేడికి బీటలు వారడం. మూడవది, చల్లబరిచే ఫ్యాను తిరగక, లేదా వేడిగాలి బయటకు పోయే దారి లేక బోర్డు అతిగా వేడెక్కడం.

అందువల్ల మీరు కొన్ని విషయాలు చెప్పాలి. కోడ్ వచ్చే ముందు తెర మసకబారుతుందా? టకటక శబ్దం వినబడుతుందా? అల్మారా వెనుక గాలి ఆడే సందు ఉందా? ఈ కోడ్ మొదలవడానికి ముందు నెలల్లో ఓవెన్ వేడిలో ఏమైనా తేడా గమనించారా? చివరి ప్రశ్నకు జాగ్రత్తగా ఆలోచించి జవాబు ఇవ్వండి.

ఒక హెచ్చరిక. ఇలాంటి బోర్డులలో చాలావాటికి మెయిన్ లైనుతో నేరుగా సంబంధం ఉంటుంది. సెన్సర్‌కు వెళ్లే సన్న తీగలను ముట్టుకున్నా 230 వోల్టుల షాకు కొట్టే ప్రమాదం ఉంది. పదహారు ఆంపియర్ల ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా ఊడదీసి, పది నిమిషాలు ఆగిన తరువాతే వెనుక రేకు విప్పాలి. గోడ స్విచ్చి కట్టేస్తే చాలని అనుకోవద్దు.

ఇంటి బేకరీ – సోమవారం, రాత్రి 8:50

వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. తెర మసకబారడం లేదు, టకటక శబ్దమూ లేదు. పక్కనున్న ఫ్రిజ్ స్టెబిలైజర్‌పై వోల్టేజీ 220కి అటూ ఇటూగానే ఉంది. అల్మారా వెనుక భాగాన్ని వడ్రంగి పూర్తిగా ప్లైవుడ్‌తో మూసేశారు, సందు లేదు.

మీ చివరి ప్రశ్న చదివాక ఒక విషయం గుర్తుకు వచ్చింది. సుమారు రెండు నెలలుగా కేకులు మధ్యలో సరిగ్గా ఉడకడం లేదు. 40 నిమిషాలలో అయిపోయే కేకుకు 50 నిమిషాలు పడుతోంది. కొన్నిసార్లు బయటకు తీశాక మధ్యభాగం కుంగిపోతోంది. వెన్న మారడం వల్లనో, బేకింగ్ పౌడర్ పాతబడడం వల్లనో అనుకుని రెండింటినీ మార్చాను, ఫలితం లేదు. దీనికీ కోడ్‌కూ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు.

ఉక్కునగరం ఇన్‌స్ట్రుమెంట్ – మంగళవారం, ఉదయం 6:15

అమ్మా, మీ కేకు మీకు రెండు నెలల ముందే సమాచారం ఇచ్చింది. నేను ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ (కొలత పరికరాల) విభాగంలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉష్ణోగ్రత సెన్సర్లతోనే నా ఉద్యోగ జీవితం గడిచింది కాబట్టి ఈ భాగాన్ని కొంచెం విపులంగా రాస్తాను.

ఇలాంటి ఓవెన్లలో ఎక్కువగా వాడేది ప్లాటినం సెన్సర్. వేడి పెరిగేకొద్దీ ప్లాటినం నిరోధం, అంటే విద్యుత్తును అడ్డుకునే గుణం, ఒక క్రమంలో పెరుగుతుంది. దాన్ని ఓంలలో కొలుస్తారు. సున్నా డిగ్రీల వద్ద 1000 ఓంలు ఉండే రకమైతే, ఒక్కో డిగ్రీకి సుమారు 3.85 ఓంల చొప్పున పెరిగి, 100 డిగ్రీలకు 1385 ఓంలు, 180 డిగ్రీలకు 1685 ఓంలు అవుతుంది. బోర్డు చేసే పని ఆ ఓంలను కొలిచి డిగ్రీలుగా మార్చుకోవడమే.

ఇప్పుడు సెన్సర్‌కూ బోర్డుకూ మధ్య ఏదో ఒక ప్లగ్గులో చిలుము పట్టి, అక్కడ అదనంగా 30 ఓంల నిరోధం చేరిందనుకోండి. బోర్డుకు ఆ 30 ఓంలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసే దారి లేదు. అది కూడా వేడి వల్లే పెరిగిందని భావించి, ఓవెన్ నిజంగా ఉన్నదానికంటే ఎనిమిది డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నట్టు లెక్క వేసుకుని, హీటర్లను ముందే ఆపేస్తుంది. తెరపై 180 అని ఉంటుంది, లోపల 172 ఉంటుంది. కేకు పచ్చిగా మిగులుతుంది. చిలుము ఇంకా పెరిగి, వేడికి లోహం వ్యాకోచించినప్పుడు ఆ అతుకు ఒక క్షణం పూర్తిగా విడిపోతే, బోర్డు దృష్టిలో సెన్సరే లేనట్టు అవుతుంది. అప్పుడు అది కోడ్ చూపి హీటర్లను ఆపేస్తుంది. అలా ఆపడం దాని ధర్మం. సెన్సర్ లేకుండా వేడి చేయడం అగ్నిప్రమాదానికి దారి కదా.

బోర్డులో లోపం ఉండదని నేను ఖాయంగా చెప్పలేను. అయితే మొదట వేడి తక్కువ కావడం, తరువాత నిర్ణీత సమయానికి కోడ్ రావడం, చల్లారితే సర్దుకోవడం, తేమ ఉన్న రోజుల్లో ముదరడం, ఈ నాలుగూ కలిసి చూస్తే నా అనుమానం ముందుగా సెన్సర్ దారి మీదికే పోతుంది. కొలిచి చూడకుండా 14,500 పెట్టవద్దు.

కొలిచే పద్ధతి ఇది. మల్టీమీటరును 2000 ఓంల స్థాయిలో పెట్టి, ముందుగా రెండు మొనలనూ ఒకదానికొకటి తాకించి అవి సున్నాకు దగ్గరగా చూపుతున్నాయో లేదో చూడండి. ఓవెన్ పూర్తిగా చల్లారి, వంటగది ఉష్ణోగ్రతకే వచ్చి ఉండాలి. సెన్సర్ తీగల ప్లగ్గును బోర్డు నుంచి ఊడదీసి, ఆ ప్లగ్గు కొనల మీద ఒకసారి కొలవండి. తరువాత దారిలో ఉన్న ప్రతి అతుకు దాటి, చివరగా సెన్సర్ సొంత తీగల వద్ద కొలవండి. మీ వంటగది 29 డిగ్రీలైతే సెన్సర్ దగ్గర సుమారు 1113 ఓంలు రావాలి. 556 చుట్టుపక్కల వస్తే అది 500 ఓంల రకమని అర్థం, దానికి లెక్కలన్నీ సగమవుతాయి. వేడికి నిరోధం తగ్గే రకం సెన్సర్లు కూడా కొన్ని ఓవెన్లలో ఉంటాయి, వాటికి ఈ లెక్క పనికిరాదు. ఏ రకమైనా సరే, రెండు చోట్ల వచ్చే కొలతలకు మధ్య తేడా ఉండకూడదు. తేడా ఉన్నచోటే లోపం ఉంటుంది.

గాజువాక విద్యార్థి – మంగళవారం, ఉదయం 10:20

నమస్కారం అండీ. నేను ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. అంతదాకా వెళ్లకుండా, సెన్సర్ తీసేసి దాని స్థానంలో ఒక 1.1 కిలో ఓంల (1100 ఓంల) రెసిస్టర్, అంటే మారని నిరోధం ఉన్న చిన్న భాగం, పెట్టి ఓవెన్ నడిపి చూస్తే, కోడ్ రాకపోతే సెన్సర్ లోపమని, వస్తే బోర్డు లోపమని వెంటనే తేలిపోతుంది కదా?

ఉక్కునగరం ఇన్‌స్ట్రుమెంట్ – మంగళవారం, ఉదయం 11:00

బాబూ, నీ ఆలోచనలో తర్కం ఉంది, కానీ ‘నడిపి చూస్తే’ అన్న చోట పెద్ద ప్రమాదం ఉంది. ఆ రెసిస్టర్‌ను బోర్డు ఎప్పటికీ 26 డిగ్రీలుగానే చదువుతుంది. హీటర్లు ఎంతసేపు వెలిగినా ఓవెన్ వేడెక్కలేదనే భావిస్తూ వాటిని ఆపదు. ఆ స్థితిలో మిగిలేది వేడి మితిమీరితే కరెంటు ఆపే ఒక్క భద్రతా థర్మోస్టాట్ మాత్రమే. అది కూడా పనిచేయకపోతే చెక్క అల్మారాలోని ఓవెన్ ఏమవుతుందో ఊహించు. బోర్డును పరీక్షించడానికి అలాంటి రెసిస్టర్ వాడవచ్చు, కానీ హీటర్ తీగలు ఊడదీసి, దీపం మాత్రమే వెలిగే స్థితిలో, తెలిసినవారు దగ్గర ఉండి చేయాలి. ఇంట్లో అలవాటు లేనివారు అసలు చేయవద్దు. నువ్వు ఈ సంగతి అడిగినందుకు సంతోషమే, చదివే ఇతరులకు కూడా ఇది తెలియాలి.

భీమిలి గాలి – మంగళవారం, మధ్యాహ్నం 1:45

సంబంధించిన విషయమే అనుకుని అడుగుతున్నాను. భీమిలిలో మా ఓవెన్ నెలకు ఒకసారి వాడతాము. ఈసారి ఆన్ చేసిన రెండు నిమిషాలకే ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు కారితే సరఫరాను ఆపే రక్షణ స్విచ్చి) పడిపోయింది, కోడ్ ఏదీ రాలేదు. ఇదీ బోర్డు లోపమేనా?

బోర్డు వైద్యం – మంగళవారం, సాయంత్రం 4:10

మీ లక్షణాన్ని బట్టి బోర్డు కంటే హీటర్ మీదనే అనుమానపడాలి. హీటర్ గొట్టంలో తీగ చుట్టూ నింపే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కన, చాలాకాలం వాడకుండా ఉన్న ఓవెన్‌లో ఇది సహజం. అప్పుడు విద్యుత్తు కొద్దిగా ఎర్తుకు కారుతుంది, 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఇన్సులేషన్ టెస్టరు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఒక్కో హీటరును విడిగా పరీక్షింపజేయండి. ఎవరైనా ఆర్‌సీసీబీని తప్పించి ఓవెన్‌కు నేరుగా లైను ఇస్తామంటే ఒప్పుకోకండి. మిగతా చర్చకు వేరే అంశం ప్రారంభిస్తే అక్కడ రాస్తాను.

ఇంటి బేకరీ – గురువారం, రాత్రి 9:30

ఈ రోజు మా మరిది వచ్చారు. ఆయనకు మీటరు వాడకం బాగా తెలుసు. ప్లగ్గు ఊడదీసి, ఇద్దరం కలిసి ఓవెన్‌ను బయటకు తీసి నేల మీద దుప్పటి పరచి పెట్టాము. అంత బరువును ఒక్కరే దించే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. వంటగది ఉష్ణోగ్రత 29 డిగ్రీలు ఉంది. కొలతలు ఇలా వచ్చాయి.

బోర్డు దగ్గరి ప్లగ్గు కొనల మీద మొదట 1139 ఓంలు వచ్చింది. తీగను కొద్దిగా కదిపితే 1160, 1190 మధ్య ఊగి, ఒకసారి మీటరు కొలత ఏమీ చూపకుండా ‘1’ అని మాత్రమే (అంటే కొలత పరిధి దాటిందని) చూపింది. సెన్సర్ తీగలు ఓవెన్ వెనుక రేకు దగ్గర ఒక చిన్న తెల్లటి కనెక్టర్‌లో కలుస్తున్నాయి. దాన్ని విడదీసి, సెన్సర్ వైపు కొనలను దూదితో తుడిచి కొలిస్తే 1113 ఓంలు వచ్చింది. ఎంత కదిపినా మారలేదు. పెద్దవారు చెప్పిన అంకె మీటరు మీద కనబడినప్పుడు మా ఇద్దరికీ చాలా సంతోషం కలిగింది.

ఆ తెల్లటి కనెక్టర్‌లోని రెండు పిన్నులలో ఒకదాని మీద పచ్చటి చిలుము, దాని చుట్టూ తెల్లటి ఉప్పు పొడి లాంటిది కనబడ్డాయి. రెండో పిన్ను నల్లబడింది. బోర్డు వైపు ప్లగ్గు మాత్రం శుభ్రంగానే ఉంది. ఇంకా ఏదీ బిగించలేదు, తరువాత ఏం చేయాలో చెప్పండి.

ఉక్కునగరం ఇన్‌స్ట్రుమెంట్ – శుక్రవారం, ఉదయం 5:50

చాలా ఓపికగా, పద్ధతిగా కొలిచారు. 1139లో 1113 తీసివేస్తే 26 ఓంలు. అంటే ఓవెన్ కదలకుండా ఉన్నప్పుడే ఆ ఒక్క కనెక్టర్ దగ్గర దాదాపు ఏడు డిగ్రీల అబద్ధపు వేడి చేరుతోంది. 1190 దగ్గర ఊగినప్పుడు అది ఇరవై డిగ్రీలు. మీ కేకులు ఎందుకు ఉడకలేదో ఇక వేరే కారణం వెతకనక్కరలేదు.

ఒక సందేహం చాలామందికి వస్తుంది కాబట్టి దాని గురించి కూడా రాస్తాను. అదే ఉప్పుగాలి హీటర్ తీగల మీద కూడా వీస్తోంది కదా, అక్కడ లేని ఇబ్బంది సెన్సర్ తీగకే ఎందుకు? రెండువేల వాట్ల హీటర్‌లో 8.7 ఆంపియర్ల విద్యుత్తు పారుతుంది, దాని వెనుక 230 వోల్టులు ఉంటాయి. టెర్మినల్ మీద సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడినా అంత వోల్టేజీ దాన్ని ఛేదించుకుని పోతుంది. సెన్సర్ తీగలో పారేది సాధారణంగా ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లకు మించదు, వోల్టేజీ కూడా మూడు నుంచి ఐదు వోల్టులే. ఆ బలహీనమైన విద్యుత్తుకు ఆ పొరే గోడ అవుతుంది. ఇది మా కర్మాగారంలో పదే పదే చూసిన సంగతి. మోటార్ల దగ్గర కనబడని చిలుము కొలత తీగల దగ్గర కనబడేది. అక్కడ మేము ఎక్కువగా వాడింది 100 ఓంల సెన్సర్లు. వాటిలో ఒక డిగ్రీ అంటే 0.385 ఓంలే కాబట్టి తీగ పొడవు వల్ల వచ్చే నిరోధం కూడా లెక్క తప్పించేది, అందుకే మూడో తీగ వేసి దాన్ని సరిచేసుకునేవారము. ఓవెన్‌లో 1000 ఓంల సెన్సర్ పెట్టడానికి ఒక కారణం, తీగ నిరోధాన్ని పట్టించుకోనక్కరలేకుండా రెండు తీగలతోనే పని జరగడం. మంచి పిన్నుల మధ్య ఆ ఏర్పాటు చక్కగా నడుస్తుంది, చిలుము పట్టిన పిన్నును మాత్రం అది కాపాడలేదు.

ఇక మధురవాడ నివాసి గారికి. మీ బోర్డు మార్చినప్పుడు టెక్నీషియన్ పాత బోర్డు ప్లగ్గులన్నీ ఊడదీసి కొత్త బోర్డుకు తిరిగి గుచ్చి ఉంటారు. అలా ఒకసారి తీసి గుచ్చినప్పుడు లోహం లోహం మీద రాసుకుని పైపొర చెరిగిపోతుంది, అతుకు కొన్ని వారాల పాటు బాగుపడుతుంది. ఆ మెరుగుదల కొత్త బోర్డు ఖాతాలో పడుతుంది. టెక్నీషియన్ కూడా తాను సరిగ్గానే బాగుచేశానని నిజాయితీగా నమ్ముతారు, ఎందుకంటే ఆయన కళ్ల ముందు ఓవెన్ పనిచేసింది. ఏడు వారాలకు గాలి మళ్లీ తన పని తాను చేసుకుంటుంది. మీరు కూడా కొలవండి. పాత బోర్డును పారేయకండి.

మధురవాడ నివాసి – శుక్రవారం, ఉదయం 8:25

ఇది చదివి చాలాసేపు ఆలోచించాను. మాకు అప్పుడు ఎవరూ సెన్సర్ కొలవలేదు. బోర్డు మార్చిన రోజు ఓవెన్ వెనుక భాగం విప్పారు, అక్కడ కూడా తీగలు కదిపి చూశారని గుర్తుంది. ఆదివారం నేను కూడా కొలిచి ఇక్కడ రాస్తాను.

బోర్డు వైద్యం – శుక్రవారం, మధ్యాహ్నం 12:40

ఇంటి బేకరీ గారూ, మీరు చేయవలసింది ఇది. ఆ పచ్చబడిన పిన్నును తుడిచి వాడుకోవాలని చూడవద్దు. చిలుము లోపలికి దిగిన తరువాత పైపూత పోయి ఉంటుంది, తుడిచినా మూడు నెలల్లో మళ్లీ పడుతుంది. ఉప్పుకాగితంతో గీకితే మిగిలిన పూత కూడా పోతుంది. నిమ్మరసం, వెనిగర్ వంటివి వాడితే ఆమ్లం మిగిలిపోయి తీగను తింటుంది. రెండు వైపులా పిన్నులను కత్తిరించి, కొత్త టెర్మినళ్లు (తీగ చివర బిగించే లోహపు కొనలు) క్రింపింగ్ పనిముట్టుతో నొక్కించండి, కనెక్టర్ గుల్లను కూడా మార్చండి. అక్కడ సోల్డర్ పెట్టి అతకవద్దు. మామూలు తగరం సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరిగిపోతుంది, ఓవెన్ వెనుక రేకు వేడికి అతుకు మెత్తబడే ప్రమాదం ఉంది. తీగ పొడవు చాలకపోతే ఇంటి వైరింగులో వాడే పీవీసీ తీగ కలపకూడదు, అది 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. సిలికాన్ తొడుగు లేదా గాజునార తొడుగు ఉన్న తీగే వాడాలి.

బోర్డు వైపు ప్లగ్గు శుభ్రంగా ఉందన్నారు కాబట్టి దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. బోర్డు మీద ఎక్కడైనా తెల్లటి ఉప్పు మరకలు ఉంటే మెత్తటి కుంచెతో అదే ద్రవంతో కడగవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తరువాతి వారాలలో మా బల్ల మీదికి వచ్చిన బోర్డులలో సగానికి పైగా కాలిపోయినవి కావు, కిటికీలు పగిలి సముద్రపు తుంపర లోపలికి వచ్చి ఉప్పు పట్టినవే. కరెంటు తిరిగి రాకముందే మంచినీళ్లతో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, ఎండబెట్టి తెచ్చినవి బతికాయి. ఉప్పుతోనే ప్లగ్గు పెట్టి ఆన్ చేసినవి చాలావరకు పోయాయి. అప్పటి నుంచి బీచ్ రోడ్డు వైపు నుంచి వచ్చే ఏ బోర్డునైనా మీటరు పెట్టేముందు భూతద్దంతో చూడడం నాకు అలవాటైంది.

అల్మారా వెనుక సందు గురించి కూడా నిర్లక్ష్యం చేయకండి. మూసేసిన అల్మారాలో వంట అయిపోయాక వేడి, తేమ రెండూ కనెక్టర్ దగ్గరే నిలిచిపోతాయి. ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో బిగించే పద్ధతి బొమ్మ ఉంటుంది. ఎక్కడ ఎంత ఖాళీ వదలాలో అందులో చూసి వడ్రంగికి చూపించండి.

గాజువాక విద్యార్థి – శుక్రవారం, సాయంత్రం 6:05

పెద్దవారికి ధన్యవాదాలు. ఒక్క సందేహం. సెన్సర్ 29 డిగ్రీల దగ్గర సరిగ్గా చూపినా, వేడెక్కాక తప్పు చూపే అవకాశం లేదా?

ఉక్కునగరం ఇన్‌స్ట్రుమెంట్ – శుక్రవారం, రాత్రి 7:30

తప్పకుండా ఉంది, మంచి ప్రశ్న. లోపలి తీగ సన్నగా బీటవారి ఉంటే చల్లగా ఉన్నప్పుడు కలిసి ఉండి, వేడికి విడిపోవచ్చు. దానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. సెన్సర్‌ను ఓవెన్ నుంచి విప్పి బయటకు తీసి, దాని లోహపు కొనను మాత్రమే మరిగే నీళ్లలో ముంచి కొలవాలి. మన ఊరు సముద్ర మట్టానికే ఉంది కాబట్టి నీళ్లు ఇంచుమించు 100 డిగ్రీలకే మరుగుతాయి, 1385 ఓంల దగ్గర రావాలి. మంచు ముక్కలు కరుగుతున్న నీళ్లలో ముంచితే 1000 రావాలి. తీగ బయటకు వచ్చే వెనుక కొస తడవకూడదు, తడిస్తే ఆ తేమే కొత్త లోపమవుతుంది. ఇంటి బేకరీ గారి విషయంలో చిలుము కంటికి కనబడింది కాబట్టి ముందు అది మార్చి, ఆ తరువాత కూడా కోడ్ వస్తేనే ఈ పరీక్ష చేస్తే సరిపోతుంది.

ఇంటి బేకరీ – తరువాతి బుధవారం, రాత్రి 9:15

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, నాలుగైదు సార్లు వాడి చూశాకే రాయాలని ఆగాను. పూర్ణా మార్కెట్ దగ్గరి ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో టెర్మినళ్లు, వేడిని తట్టుకునే కనెక్టర్, గాజునార తొడుగు దొరికాయి. క్రింపింగ్ పనిముట్టు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి అరగంటలో బిగించారు. సామానుకూ ఆయన కూలికీ కలిపి 650 రూపాయలయింది. బిగించిన తరువాత బోర్డు దగ్గరి ప్లగ్గు కొనల మీద 1113, సెన్సర్ దగ్గర కూడా 1113 వచ్చింది. తీగ కదిపినా మారలేదు.

ఓవెన్‌లో పెట్టే విడి థర్మామీటరు ఒకటి కొన్నాను. తెరపై 180 ఉన్నప్పుడు, అరగంట తరువాత మధ్య అరలో 176 నుంచి 183 మధ్య ఊగుతోంది. హీటర్ ఆగి వెలుగుతుంటుంది కాబట్టి ఆ ఊగిసలాట సహజమేనని బోర్డు వైద్యం గారు ఫోరమ్ సందేశంలో చెప్పారు. ఇప్పటికి ఆరుసార్లు వాడాను, ఒకసారి వరుసగా రెండున్నర గంటలు వాడాను. కోడ్ రాలేదు. 40 నిమిషాల కేకు 40 నిమిషాలకే ఉడికింది. వడ్రంగి శనివారం వచ్చి వెనుక ప్లైవుడ్‌ను పుస్తకంలోని బొమ్మ ప్రకారం కోస్తానన్నారు.

బోర్డు ఆర్డరును రద్దు చేయమని సర్వీసు వారికి ఫోన్ చేసి, కారణం కూడా వివరంగా చెప్పాను. మొదట వచ్చిన టెక్నీషియనే తిరిగి ఫోన్ చేసి, ఆ పాత కనెక్టర్ ఫోటో అడిగారు. పంపించాను.

మధురవాడ నివాసి – గురువారం, ఉదయం 7:40

మాది కూడా రాయవలసి ఉంది. ఆదివారం వంటగది 30 డిగ్రీలు ఉండగా కొలిచాను. సెన్సర్ దగ్గర 1117, బోర్డు వైపు కొనల మీద 1204 వచ్చింది. మా కనెక్టర్‌లో చిలుము అంతగా కనబడలేదు, కానీ ఒక టెర్మినల్ వదులై, పిన్ను మీద నల్లటి మచ్చలు ఉన్నాయి. రెండు వైపులా మార్పించాను.

తరువాత మా కొడుకు సలహాతో ఇంకో పని చేశాము. పోయినసారి పాడైందని తీసేసిన పాత బోర్డును, దానికి తగిలించిన చీటీలు చూసుకుంటూ ఎలక్ట్రీషియన్ చేతనే తిరిగి పెట్టించాము. నాలుగు రోజులుగా ఓవెన్ ఆ పాత బోర్డుతోనే నడుస్తోంది. నిన్న 220 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచినా కోడ్ రాలేదు. డబ్బు పెట్టి కొన్న కొత్త బోర్డును గాలి తగలకుండా కవరులో చుట్టి బీరువాలో దాచాను. వానాకాలం గడిచాక సెన్సర్ దారిని మళ్లీ కొలిచి, ఆ అంకె ఇక్కడే రాస్తాను.